గంటకు 20 నిమిషములు

(పూర్వవిద్యార్థుల వార్షిక సమావేశమున చేసిన స్మారకోపన్యాసము)

ఎవరి స్మృతికై మనము నేడు చేరితిమో ఆ మహనీయుని మీలో ఎవరును పేరుపెట్టి పిలిచి యెరుగరు, నేనును ఎరుగను. మనకందరకును ఆయన పి.డి. గారు, అనగా కళాశాల వ్యాయామశిక్షకులు. తన పేరు శిలాఫలకముపై గాని ఆహ్వానపత్రికపై గాని ఉండుటకు ఆయన బ్రతికియున్న కాలమున ఎన్నడును సమ్మతింపలేదు. ఆ మాటను ఆయన ఇల్లాలు మాకు జ్ఞాపకము చేసిరి కనుక ఈ ఉపన్యాసమునందును ఆ పేరు రాదు.

నేను ఎన్నుకొన్న విషయము, శరీరమున ఏదో యొక వైకల్యము కలిగియుండియు విశ్వవిద్యాలయమున పట్టమునకు చదువుచు, అదే కాలమున దేశము తరఫున పోటీపడదగినంతటి ఆటను సాధించు యువతీయువకుల జీవితము. వారిని గురించి మాటలాడునప్పుడు మనవారు ఆశ్చర్యముతో ఆరంభించి అభినందనతో ముగింతురు. నడుమ నున్నదానిని గురించి అడుగువారు అరుదు. ఉదయము ఎన్ని గంటలకు లేచెదరు, స్నానమునకు ఎంతసేపు పట్టును, గ్రంథాలయము ఎన్నవ అంతస్తున కలదు, సాధన ముగించి తరగతికి చేరులోపల హాజరుపట్టీ మూసివేయుదురా లేదా అను ప్రశ్నలు సన్మానసభలకు తగనివిగా తోచును. నాకు మాత్రము ఈ విషయమంతయు ఆ ప్రశ్నలలోనే యున్నదని నమ్మకము. ఆ నమ్మకమును నాకు కలిగించినవారు పి.డి. గారే.

ముందుగా మాటలను గురించి ఒక్క మాట. మా బాల్యమున కుంటి, గ్రుడ్డి అను మాటలు పేర్లకు ముందు ఇంటిపేర్లవలె అంటుకొని యుండెడివి. తరువాత వికలాంగులు అనిరి. 2015 చివర ప్రధానమంత్రి సూచించిన పిదప దివ్యాంగులు అను మాట ప్రభుత్వపత్రములలోనికి వచ్చినది. గౌరవింపవలెనను తలంపు మంచిదే. కాని నాకు పరిచయమున్న క్రీడాకారులు తమకు దివ్యత్వము కావలెనని ఎన్నడును అడుగలేదు. మెట్లప్రక్కన ఒక వాలుబాట కావలెనని అడిగిరి. అందుచేత నేను వైకల్యము గలవారు అనియే చెప్పెదను.

పరీక్షల నిర్వహణతో పరిచయము గలవారికి ఒక నియమము తెలిసియుండును. 2018లో కేంద్రప్రభుత్వము వెలువరించిన మార్గదర్శక సూత్రముల ప్రకారము, వైకల్యమువలన వ్రాయుటలో ఇబ్బందిగల అభ్యర్థికి పరీక్షలో గంటకు 20 నిమిషములకు తక్కువ కాకుండ అదనపు కాలము ఈయవలెను. అనగా మూడుగంటల ప్రశ్నపత్రమునకు మరియొక గంట. చూచుటకు ఇది చిన్న సదుపాయమే యైనను, దీనిని అంగీకరించుటలో రాజ్యము ఒక గొప్ప విషయమును ఒప్పుకొన్నది: గడియారము అందరకును ఒక్కతీరున తిరిగినను కాలము అందరకును ఒక్కతీరున అందదని. ఆ ఒప్పుదల మాత్రము పరీక్షామందిరపు గుమ్మము దాటి వెలుపలికి రాలేదు. మూడుగంటలకు ఒక గంట కలిపినవారు మూడేండ్ల చదువునకు ఏమియు కలుపలేదు. వైకల్యము తన పన్నును కాలరూపముననే వసూలుచేయును. ఉన్నతస్థాయి క్రీడయు కాలరూపముననే వసూలుచేయును. విశ్వవిద్యాలయమో నూటికి 75 వంతుల హాజరు అను ఒక్క కొలపాత్రతో అందరి కాలమును సమముగా కొలుచును. ఈ మూటి నడుమ నలిగి మధ్యలో చదువు మానిన విద్యార్థిని, ఆట మానిన విద్యార్థిని చూచి, పాపము శక్తి చాలలేదని మనము జాలిపడుదుము.

నేనును అట్లు జాలిపడినవాడనే. ముప్పది యేండ్లకు పైబడిన మాట. నేను పనిచేసిన కళాశాలలో బి.ఎస్సీ. చదువు ఒక విద్యార్థికి చిన్ననాటి పోలియోవలన రెండు కాళ్లును చచ్చుపడియుండెను. తొడలనుండి పాదములవరకు ఇనుపపట్టీల కేలిపర్లు, చంకలలో కర్రలు. భుజములు మాత్రము గానుగ త్రిప్పువాని భుజములు. అతడు కూర్చుండి గుండు విసరువాడు. షాట్‌పుట్టు అనుట వాడుక. మొదటిగంట నాది, భౌతికశాస్త్రము, గది మేడపైన, మెట్లు 42. నేను కాలనియమమును వ్రతమువలె పాటించినవాడను గనుక పేర్లు పిలిచి పట్టీ మూసిన తరువాత గుమ్మమున ఎవరు నిలిచినను తల యెత్తువాడను కాను. ఒకనాడు అతడు చెమటతో తడిసిన చొక్కాతో గుమ్మమున నిలిచి, "తొమ్మిదికి పది నిమిషాలుండగానే మెట్ల దగ్గరికొచ్చానండీ. అందరూ పరుగెత్తుకెళ్తుంటే పక్కకు తప్పుకోవాల్సొచ్చింది" అనెను. "అయితే రేపటినుంచి ఇంకో పది నిమిషాలు ముందు బయల్దేరు" అంటిని. నేను న్యాయముగనే పలికితినని ఆనాడు నాకు పూర్తి విశ్వాసము.

ఆ మధ్యాహ్నము పి.డి. గారు స్టాఫురూమునకు వచ్చి, వాదించుటగాని కోపించుటగాని లేక, "మాస్టారూ, రేపు పొద్దున్న అయిదింటికి ఓసారి గ్రౌండుకు వస్తారా?" అని మాత్రము అడిగి వెడలిపోయిరి. పోయితిని. ఇంకను చీకటిగనే యుండెను. ఒక మూల ఆయన గునపముతో నేల త్రవ్వి నాలుగు ఇనుపమేకులు దిగగొట్టుచుండిరి. ఆ మేకులకు నాలుగు త్రాళ్లు, త్రాళ్లకు చేతులులేని ఒక బరువైన చెక్కకుర్చీ. కూర్చుండి విసరువానికి ఊతము నేలనుండి రావలెను. కుర్చీ వ్రేలెడంత కదలినను విసురులోని బలము ఆ కదలికలోనే పోవును. అందుచేతనే పెద్ద పోటీలలో కూర్చుండి విసరువారిని, నిలుచుండి విసరువారివలె వంతులవారీగా పిలువక, ఒకని కుర్చీ బిగించిన పిమ్మట అతని విసురులను వెంటవెంటనే ముగింపజేయుదురు. విద్యార్థి వచ్చి, కేలిపర్ల తోలుపట్టీలను ఒక్కొక్కటిగా విప్పి, చేతులతో తన కాళ్లను తానే ఎత్తి కుర్చీపై అమర్చుకొనెను. పి.డి. గారు అతని తొడలపై పట్టీ బిగించి, కుర్చీని రెండు చేతులతో ఊపి చూచి, ఒక త్రాటిని మరల విప్పి కట్టిరి. ఇంత జరుగునంతసేపును ఆయన మెడలోని స్టాప్‌వాచి నడచుచునే యుండెను. పరుగుపందెములకై కళాశాల కొన్న ఆ గడియారముతో ఆయన రెండునెలలుగా ఆ బాలుని దినమును కొలుచుచుండిరని నాకు అప్పుడు తెలిసినది.

ఆయన నోటుబుక్కు నాచేతికిచ్చిరి. అందు దూరములు లేవు. కాలములు మాత్రమే కలవు. కేలిపర్లు తొడుగుట 11 నిమిషములు. హాస్టలునుండి మైదానము 13. మేకులు, త్రాళ్లు, బిగింపు 14. విప్పుకొని మరల కేలిపర్లు 12. కొళాయివద్ద వరుసలో నిలుచుట, తడినేలపై జారకుండ స్నానము 35. కళాశాలకు నడక 18. మెట్లు 9, రద్దీ యున్నచో 14. ఇట్లు వరుసగా వ్రాసి అడుగున ఒక గీత గీచి, "లేచింది మొదలు క్లాసు గుమ్మందాకా నాలుగు గంటలు, గుండు విసిరింది 20 నిమిషాలు" అని ముగించిరి. ఆ కాగితముపై కఠినపదము ఒక్కటియు లేదు. ఒక్క నిందావాక్యము లేదు. నేను నా వృత్తిలో చదివిన గణాంకములలో నన్నంతగా సిగ్గుపడజేసినది మరియొకటి లేదు.

ఇక దేశాంతరమున జరిగిన పని కొంత చెప్పవలెను, ఏలయన పి.డి. గారు ఒంటరిగా గునపముతో చేసినదానిని, ఒక విశ్వవిద్యాలయము సంస్థగా చేసిచూపిన చోటు ఒకటి కలదు.

లుడ్విగ్ గుట్‌మన్ అను నాడీవైద్యుని పేరు మీరు విన్నదే. జర్మనీలో యూదుడై పుట్టిన ఆయన, 1917లో ఒక గనిపట్టణపు ఆసుపత్రిలో సేవకుడుగా నున్నప్పుడు, వెన్నువిరిగిన గనికార్మికుని విషయమై వివరములు వ్రాసికొనుట వృథాయని, కొలదివారములలో పోవునని పెద్దలు చెప్పగా విన్నాడు. ఆ కార్మికుడు అయిదు వారములకు చనిపోయినాడు. నాజీలనుండి తప్పించుకొని 1939లో ఇంగ్లండు చేరిన గుట్‌మన్‌కు, 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుగాయముల విభాగము అప్పగింపబడినది. రెండుగంటలకొకమారు రోగిని ప్రక్కకు త్రిప్పవలెనని, రాత్రియైనను పగలైనను తప్పరాదని ఆయన విధించిన నియమమే వేలమందిని పడకపుండ్లనుండి, మృత్యువునుండి తప్పించినది. 1948 జూలై 29వ తేదీన, లండనులో ఒలింపిక్సు ప్రారంభమైన నాడే, ఆసుపత్రి పచ్చికపై 16 మంది చక్రాలకుర్చీలనుండి బాణములు వేసిరి. పండ్రెండేండ్లకు రోమునగరమున జరిగిన పోటీలలో 23 దేశములనుండి 400 మంది. ఆ కథ ప్రసిద్ధమే గనుక అచటనే విడుచుచున్నాను. నేను చెప్పదలచినది, ఆ 1948లోనే అట్లాంటికునకు ఆవలి ఒడ్డున జరిగిన, మనవారికి అంతగా తెలియని, రెండవ ఆరంభమును గురించి.

ఇల్లినాయ్ రాష్ట్రమున గేల్స్‌బర్గ్ అను పట్టణమున యుద్ధకాలపు సైనికవైద్యశాల ఒకటి రాష్ట్రవిశ్వవిద్యాలయమునకు శాఖగా మార్చబడియుండెను. యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికుల చదువునకు అమెరికాప్రభుత్వము ధనమిచ్చుచున్న దినములవి. వెన్నువిరిగి చక్రాలకుర్చీలపాలైన సైనికులు కొందరు అచట చేరిరి. వారి బాగోగులు చూచు కార్యక్రమమును 1948లో తిమోతి నూజెంట్ అను 25 ఏండ్ల యువకుడు చేపట్టినాడు. ఏడాది తిరుగకముందే ఆ శాఖను మూసివేయుదురని తెలిసినది. విద్యార్థులు నూజెంటుతో కూడ చక్రాలకుర్చీలతోనే రాష్ట్రరాజధానియగు స్ప్రింగ్‌ఫీల్డునకు పోయి తమ గోడు వినిపింపజూచిరి. శాఖ నిలువలేదు గాని, అర్బానా-షాంపేన్‌లోని ప్రధాన విశ్వవిద్యాలయము, మనస్ఫూర్తిగా కాకున్నను, వారిని చేర్చుకొనినది. యుద్ధకాలమున వేసిన తాత్కాలికపు షెడ్లలో ఆ కార్యక్రమము కొన్ని యేండ్లు తలదాచుకొన్నది.

ఆ షెడ్లనుండి వెడలినవానిని గమనింపుడు. చక్రాలకుర్చీని మీదికెత్తు యంత్రమమర్చిన బస్సులు విద్యాలయ ప్రాంగణమున నియతమార్గములలో తిరుగసాగెను. వీధిమూలలయందు కాలిబాట అంచులను చెక్కి నేలకు కలిపిరి. భవనములకు వాలుబాటలు వచ్చెను. ద్వారము ఎంత వెడల్పుండవలెను, వాలు ఎంత యుండవలెను అను విషయములను విద్యార్థుల రాకపోకలనుబట్టియే పరిశోధించిరి. ఆ పరిశోధనయే 1961లో అమెరికా దేశమంతటికిని భవనప్రమాణములుగా వెలువడినది. 12 అడుగుల నిడివికి ఒక అడుగునకు మించిన ఎత్తు వాలుబాటకు ఉండరాదను కొలత, నేడు మన ఇంజనీర్లును ఎరిగిన కొలత, అందులోనిది. మా కళాశాలలోని 42 మెట్లకు, మెట్టునకు 6 అంగుళముల వంతున, ఆ లెక్క చొప్పున 252 అడుగుల వాలుబాట కావలెను. అట్టిచోట వాలుబాటకంటె గదినే క్రిందికి దింపుట సులభమని లెక్కయే చెప్పును.

అదే ప్రాంగణమున, అదే యేండ్లలో, ఆటయు పుట్టినది. చక్రాలకుర్చీ బాస్కెట్‌బాల్‌కు తొలి జాతీయపోటీ 1949లో గేల్స్‌బర్గ్‌లోనే జరిగినది. దానికి జాతీయసంఘమును స్థాపించి 25 ఏండ్లు నడిపినవాడు నూజెంటే. 1940లలో ఆ విశ్వవిద్యాలయమున విజ్ కిడ్స్ అను పేరుపొందిన బాస్కెట్‌బాల్ జట్టు ఉండుటచేత, చక్రాలకుర్చీల విద్యార్థులు తమ జట్టునకు గిజ్ కిడ్స్ అని పేరుపెట్టుకొనిరి. ఈ జట్టువారు ఊరూర ప్రదర్శనలిచ్చి, తమ కార్యక్రమమునకు కావలసిన ధనమును గూడ సమకూర్చిరి.

నాకీ కథలో అన్నిటికంటె ముఖ్యమని తోచినది ఆ బస్సు. తరగతికి తీసికొనిపోవు బస్సే వ్యాయామశాలకును తీసికొనిపోయెను. చదువుకొక శాఖ, ఆటకొక శాఖ, చికిత్సకొక శాఖ, ఆ మూడు శాఖల గుమాస్తాలచుట్టు తిరుగుటకు విద్యార్థి కాళ్లు అను ఏర్పాటు అచట లేదు. రెండు పడవలపై కాళ్లుపెట్టరాదని మన సామెత. మన విద్యార్థులకు పెద్దలు నిత్యము దీనినే వినిపింతురు. ఇల్లినాయ్‌లో చదువును ఆటయు ఒక్క పడవయందే యుండెను. బస్సువలన మిగిలిన అరగంట ఒకనాడు గ్రంథాలయమున, ఒకనాడు మైదానమున ఖర్చగును. అది ఎవరి దయయు కాదు, విద్యార్థి సొంత అరగంట.

లోపమును గూడ చెప్పకున్న సత్యమునకు అపచారము. నూజెంటు స్వావలంబనమును ఎంత కఠినముగ పట్టినాడనగా, విద్యార్థులు తమ కుర్చీని ఇతరులచే నెట్టించుకొనుట ఆయనకు రుచింపలేదు. తమ పనులు తాము చేసికొనలేని, నిత్యము సహాయకుడు కావలసినవారికి ఆ తొలియేండ్లలో అచట చోటు దొరుకుట కష్టమాయెను. ఆనాటి అపనమ్మకమును ఎదుర్కొనుటకు అట్టి కాఠిన్యము అవసరమని ఆయన తలచియుండవచ్చును. నేను దానిని మెచ్చలేను. భుజబలము గలవానికే తలుపు తెరచుట, సగము తెరచుటయే.

అయినను ఆ సగము తెరచిన తలుపునుండి వచ్చినవారిని చూడుడు. వెన్నెముక పూర్తిగా మూసికొనకుండ జన్మించిన జీన్ డ్రిస్కల్ అచట విద్యార్థినిగా చేరి, 1991లో పట్టమును, 1993లో ఎం.ఎస్. పట్టమును పొందినది, బోస్టన్ మారథానును చక్రాలకుర్చీలో 1990 మొదలు 1996 వరకు వరుసగా ఏడుమార్లును, 2000లో ఎనిమిదవమారును గెలిచినది. ఆ తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చదివిన, తొలి విజయములు చదువు ముగిసిన తరువాత వచ్చినవి కావని, చదువుమధ్యనే వచ్చినవని తెలియును. 42 కిలోమీటర్ల పైచిలుకు దూరమును 1994లో ఆమె 1 గంట 34 నిమిషముల 22 సెకన్లలో ముగించినది. పందెపుకుర్చీకి మూడు చక్రములు. మోకాళ్లు మడచి, ముందునకు వంగి, గట్టి చేతితొడుగులతో చక్రపు అంచును పట్టుకొనక కొట్టుచు పోవలెను. మంచు కురియు నెలలలో ఆ విద్యార్థులు లోపలనే, దొర్లుచుండు ఇనుపగొట్టములపై కుర్చీ నిలిపి, నిలిచినచోటనే మైళ్లు త్రోలుదురు. శిక్షణగది నుండి తరగతిగదికి పోవుటకు వారికి యుద్ధము చేయనక్కరలేదు. ఆ బలమంతయు చక్రపు అంచుపైననే పడును.

తత్యానా మక్‌ఫాడెన్ కథ పాఠశాలనుండి మొదలగును. రష్యాలోని అనాథాశ్రమమున చక్రాలకుర్చీలేక చేతులపై నడచిన పిల్ల, అమెరికాతల్లి పెంపకమున పెరిగి, 15 ఏండ్లకే ఏథెన్సులో పారాలింపిక్ పతకములు గెలిచి వచ్చినది. అట్టి బాలికను మేరీలాండులోని ఆమె పాఠశాలలో తోడివిద్యార్థులతో కలిసి పందెమున దిగనీయక, ఖాళీ బాటపై ఒంటరిగా తిప్పిరి. ఆమె న్యాయస్థానమునకు పోయినది. నష్టపరిహారము కోరలేదు, అందరితోపాటు అదేసమయమున బాటపైనుండు హక్కును కోరి గెలిచినది. 2008లో ఆ రాష్ట్రము ఆ హక్కును చట్టముగా చేసినది. పిమ్మట ఇల్లినాయ్‌లో చదువుచు సాధనచేసిన ఆమె, 2013 ఒక్క సంవత్సరమున బోస్టన్, లండన్, షికాగో, న్యూయార్కు మారథానులు నాలుగును గెలిచినది. ఒంటరిగా పరుగెత్తినవారికి కాలము మాత్రమే తెలియును, పోటీ తెలియదు. ఆ బాలిక అడిగినది పోటీ.

ఇంగ్లండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయమున రాజనీతి చదివిన టానీ గ్రే-థాంప్సన్‌ను గూడ తలపవలెను. చదువుమధ్య 1989లో వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగి, సాధనకు చాలకాలము దూరమైనను, 1991లో పట్టము పొంది, మరుసటి యేడు బార్సిలోనాలో నాలుగు స్వర్ణములు గెలిచినది. వెన్నెముక వైకల్యము గలవారికి ఇట్టి విరామములు తప్పవు. స్పర్శజ్ఞానము లేని చర్మముపై ఎక్కువసేపు కూర్చున్న పుండుపడును. కొంతసేపటికొకమారు చేతులతో శరీరమును ఎత్తి దించవలెను. పుండు పడెనా, వారములకొలది బోర్లపడుకొని యుండవలెను, అప్పుడు తరగతియు లేదు, మైదానమును లేదు. ఆటకై పోయిన దినములను హాజరుగా లెక్కించు మంచివాడుక మన కళాశాలలలో పెక్కింట కలదు; ఈ పుండు మానుటకై పోయిన దినములను అట్లు లెక్కించినవారిని నేను చూడలేదు.

ఇక మనదేశము. రియో పారాలింపిక్సులో 4 పతకములు తెచ్చినవారము టోక్యోలో 19, పారిస్‌లో 29 తెచ్చితిమి. పారిస్‌లో స్వర్ణములే 7. టోక్యోలో భారతస్త్రీలలో తొలి పారాలింపిక్ స్వర్ణమును తుపాకిగురిలో గెలిచిన అవని లేఖరా అప్పటికి రాజస్థాన్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర విద్యార్థిని. పారిస్‌లో బాడ్మింటన్ స్వర్ణము గెలిచిన నితేశ్‌కుమార్ కథకు మన విశాఖపట్టణముతో సంబంధము కలదు. తండ్రి నౌకాదళమున పనిచేయుటచేత అచట నుండిన ఆ బాలునకు 2009లో, 15వ యేట, రైలుప్రమాదమున కాలికి శాశ్వతవైకల్యము కలిగినది. అంతవరకు అతని ప్రాణము ఫుట్‌బాల్. నెలలతరబడి మంచముపై నుండి, పుస్తకము పట్టి, 2013లో మండిలోని ఐ.ఐ.టి.లో చేరినాడు. రాకెట్టు గట్టిగ పట్టినది అచటనే, ఆ హిమాచలపు కొండలలో, ఇంజనీరింగు చదువుచునే. అతని వర్గమువారు కోర్టును నిలువున సగము చేసి, ఆ సగమునందే ఆడుదురు. ప్రక్కకు ఉరుకుట తగ్గును గాని, ముందునకు వెనుకకు పోవుట, వైకల్యము గల కాలిపై ఆగి తిరుగుట తప్పదు. 2024 సెప్టెంబరు 2న బ్రిటనుకు చెందిన డేనియల్ బెథెల్‌పై 21-14, 18-21, 23-21. మూడవ ఆట ఆ చివరి అంకెలవరకు పోయినదనిన, ఆ కాలు ఎన్నిమార్లు ఆగి ఎన్నిమార్లు తిరిగినదో ఊహింపుడు. ఐ.ఐ.టి. అతనిని బాడ్మింటన్‌కై చేర్చుకొనలేదు. కోర్టు హాస్టలునకు అందుబాటున నుండుటయు, ఆడుటకు తోడు దొరకుటయు అతనికి చాలినవి. విద్యాలయము చేయదగిన ఉపకారము ఒక్కొక్కప్పుడు అంత చిన్నది.

వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు దీప్తి జీవాంజిని తలచునప్పుడు నా వాదము నాకే చాలదని తోచును. కూలిపనిచేసికొను తలిదండ్రుల బిడ్డ. వైకల్యము బుద్ధివికాసమునకు సంబంధించినది. 2024 మేలో జపానులోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన వర్గమున ప్రపంచరికార్డు నెలకొల్పినది, పారిస్‌లో కాంస్యము. 2000లో సిడ్నీలో స్పెయిన్ జట్టువారు చేసిన మోసము కారణముగా ఈ వైకల్యము గలవారినందరను పారాలింపిక్సునుండి వెలివేసి, 2012లో గాని మరల చేర్చుకొనలేదు. చేయని నేరమునకు ఒక తరము వెలుపల నిలిచినది. ఇట్టివారికి గంటకు 20 నిమిషములు కలిపిన మాత్రమున విశ్వవిద్యాలయము తెరచుకొనదు. చేతిపనిని, శిక్షకవృత్తిని, ఆటస్థలముల నిర్వహణను వ్రాతపరీక్షకంటె వేరుతీరున నేర్పి, వేరుతీరున పరీక్షించు చదువులను మన విశ్వవిద్యాలయములు తెరవవలెను. దేశమునకు పతకము తెచ్చిన బిడ్డకు దేశపు విద్యాలయమున కూర్చుండ చోటు లేకపోవుట నాకు సహింపరాని విషయము.

2016 నాటి హక్కుల చట్టము ఉన్నతవిద్యలో నూటికి 5 స్థానములకు తక్కువకాకుండ వైకల్యము గలవారికి కేటాయించినది. ప్రవేశమునకు గరిష్ఠవయస్సులో అయిదేండ్ల సడలింపు నిచ్చినది. ఆటలలో వారి ప్రవేశమును ప్రభుత్వ బాధ్యతగా చెప్పినది. వైకల్యమును నిర్ధారించు సదరం శిబిరమున వరుసలో నిలిచి ధ్రువపత్రము తెచ్చుకొన్న విద్యార్థికి నేడు కళాశాలలో సీటు దొరకవచ్చును. పతకము తెచ్చినచో కోట్ల బహుమానమును దొరకవచ్చును. సీటునకు పతకమునకు నడుమనున్న ఆరేడు సంవత్సరములలో ఎవరు గునపము పట్టుదురు? 2021లో యు.జి.సి. ప్రవేశపెట్టిన క్రెడిట్ల నిధి విధానమువలన చదువును ముక్కలు ముక్కలుగా కూడబెట్టుకొను వీలు కలిగినది. మూడేండ్ల పట్టమును అయిదేండ్లలో తీరికగా ముగింపగోరు క్రీడాకారునకు హాస్టలుగదియు, ఉపకారవేతనమును ఆ అయిదేండ్లును సాగవలెను. జాతీయపోటీ వచ్చిన వారమున ప్రాక్టికల్ పరీక్ష పడినచో మరియొక తేదీ ఈయవలెను.

ఈ కడపటి కోరిక నా గుండెలో ముల్లువలె నున్నది. గుండు విసరు ఆ విద్యార్థికి మూడవయేట అట్లే జరిగినది. పరరాష్ట్రమున జాతీయపోటీలు, ఇచట ప్రాక్టికల్సు. వేరు తేదీకై అతడు పెట్టుకొన్న అర్జీ నా మేజాబల్లమీదుగనే పైకి పోయినది. నేను దానిపై సంతకము చేసితిని గాని, సిఫారసు వాక్యమొకటి వ్రాయలేదు. అట్టి నియమము లేదని జవాబు వచ్చెను. వ్రాసినవారు క్రూరులు కారు. నియమము నిజముగనే లేదు. అతడు పోటీకి పోయి రజతపతకముతో తిరిగివచ్చి, పట్టమును ఒక సంవత్సరము ఆలస్యముగా పొందినాడు. నేను వ్రాయవలసిన ఒక్క వాక్యమునకు అతడు చెల్లించినది ఒక సంవత్సరము.

పి.డి. గారు పోయిన పిదప వారి ఇల్లాలు ఆ నోటుబుక్కును నాకిచ్చిరి. ఇదిగో, దీనినే తెచ్చితిని. అట్ట చినిగినది; గునపము పట్టిన చేతి మట్టి అంచులకు ఇంకను ఉన్నది. ఆయన మూడుమార్లు ప్రిన్సిపాలుగారికి విన్నవించుకొనగా, ఆ విద్యార్థి రెండవయేడు జనవరిలో నా మొదటిగంట గదిని క్రిందికి, సామానుల గదికి, మార్చిరి. ఆనాటి పుట ఇట్లున్నది: "సోమవారం. ఫిజిక్సు క్లాసు కిందికొచ్చింది. మెట్లు లేవు. 9 నిమిషాలు మిగిలాయి. ఈవేళ 12 విసుర్లు ఎక్కువ వేశాడు. మాస్టారు పేరు పిలిచేటప్పటికి క్లాసులోనే ఉన్నాడు."